గోబీ ఎడారి సాక్ష్యము

2012వ సంవత్సరము మే నెల 20వ తేదీన న్యూయార్కు నగరమున ఒక వేలము జరిగినది. పాటకు వచ్చిన సొత్తు భూమియు కాదు, నగలును కాదు. 24 అడుగుల పొడవుగల యొక రాక్షసిబల్లి అస్థిపంజరము. తార్బోసారస్ అను ఈ మాంసాహార మృగము సుమారు 7 కోట్ల సంవత్సరముల క్రిందట మంగోలియా నదీతీరములందు సంచరించినది. దాని యెముకలకు పాట 10 లక్షల డాలర్లను మించినది. కాని యా సొత్తు పాడుకొన్నవాని యింటికి చేరలేదు. ఇది మా దేశపు నిధి, మా యనుమతి లేకయే సరిహద్దు దాటినది, అని మంగోలియా అధ్యక్షుడు ఎల్బెగ్‌దోర్జ్ గారు అడ్డుపడిరి. అమెరికా ప్రభుత్వము న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. ఆ వ్యాజ్యమున ప్రతివాది మనుష్యుడు కాదు, ఆ యస్థిపంజరమే.

చచ్చి కోట్ల యేండ్లయిన మృగము కొరకు రెండు ప్రభుత్వములు న్యాయస్థానమునకు పోవుట యేమి, అని కొందరికి నవ్వు రావచ్చును. మాకట్లు తోచుట లేదు. పొలిమేరలో పాతిన రాతిని ఊడబెరికి యింటికి తెచ్చుకొన్న వానికి దొరకునది రాయి మాత్రమే. అది చెప్పు సాక్ష్యము గట్టుమీదనే పోయినది. శిలాజముల సంగతియు నట్టిదే. గోబీ యెడారి చరిత్ర దీనిని మూడు విధముల రుజువు చేయుచున్నది.

గోబీ యెడారి మంగోలియా దక్షిణభాగమునను, చీనా యుత్తరభాగమునను వ్యాపించియున్నది. మంగోలియాలోని శిలలలో జాడోఖ్తా, నెమెగ్ట్ అను రెండు పొరలు ప్రసిద్ధములు. జాడోఖ్తా శిలలు ఎఱ్ఱని యిసుక దిబ్బలు గట్టిపడగా నేర్పడినవి. వాని వయస్సు దాదాపు 7½ కోట్ల సంవత్సరములు. నేడు ఎడారియైన యా ప్రదేశమున నాడును ఎడారియే యుండెను. గాలి యెగురగొట్టు నిసుకలో ఆకులు, కొమ్మలు నిలిచియుండుట యరుదు గనుక ఆ పొరలో వృక్షముల జాడ స్వల్పము. జంతువుల యెముకలు మాత్రము చెక్కు చెదరక నిలిచినవి. నెమెగ్ట్ పొర కథ వేఱు. అవి నదులు తెచ్చి పోసిన మేటలు. కనుక నచ్చట శిలలుగా మారిన వృక్షకాండములును, చేపలును, తాబేళ్లును, మహాకాయములగు రాక్షసిబల్లులును లభించుచున్నవి. నీరు పాఱిన చోటొకటి, నీరు లేని చోటొకటి. రెంటిని కలిపి చదివినచో ఒక పురాతన లోకమంతయు కన్నులయెదుట నిలుచును.

జాడోఖ్తా మృగములు ఇంత చక్కగా నిలిచియుండుటకు కారణమేమి? ఉఖా తోల్గోద్ అను చోట భూగర్భశాస్త్రజ్ఞులు ఇసుక పొరలను పరిశీలించి, పెద్దవానలకు తడిసి బరువెక్కిన దిబ్బలు ఒక్కసారిగ విఱిగిపడి అచ్చటి ప్రాణులను పూడ్చివేసెనని 1998లో ప్రకటించిరి. 1971లో పోలెండు, మంగోలియా శాస్త్రజ్ఞులు కలిసి త్రవ్వినప్పుడు బయటపడిన జంట యెముకలను చూచినవారు నాటి మృత్యువేగమును ఊహింపగలరు. వెలాసిరాప్టర్ తన కాలిగోటిని ప్రోటోసెరాటాప్స్ మెడవైపు చాచియున్నది. ప్రోటోసెరాటాప్స్ తన ముక్కుతో శత్రువు కుడిచేతిని కఱచి పట్టుకొన్నది. పోరు తీరకముందే రెండును ఇసుకలో సమాధియైనవి.

ఈ యెడారి లోకమునకు తెలిసినది 1922లో. న్యూయార్కులోని అమెరికన్ ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాల తరపున రాయ్ చాప్‌మన్ ఆండ్రూస్ మోటారుబండ్లతోను, ఒంటెలతోను బయలుదేరెను. ఆయన వెదకబోయినది మానవజాతి పుట్టిన చోటు. ఆది మానవుడు దొరకలేదు, రాక్షసిబల్లులు దొరకినవి. బయాన్‌జాగ్ వద్ద సంధ్యాకాంతిలో నిప్పువలె మెఱయు నెఱ్ఱని కొండచరియలలో 1923 జూలైలో గ్రుడ్ల గూడు కనబడెను. ఆ చరియలలో ప్రోటోసెరాటాప్స్ ఎముకలు విస్తారముగ నుండుటచే గ్రుడ్లును దానివేయని నిశ్చయించిరి. గూటిమీద మఱియొక మృగము చచ్చిపడియుండెను. దొంగిలింపవచ్చి చచ్చినదని తలచి 1924లో దానికి ఓవిరాప్టర్, అనగా గ్రుడ్ల దొంగ, అని పేరుపెట్టిరి. పేరిడిన ఆస్‌బర్న్ పండితుడే యీ పేరు దాని స్వభావమును గూర్చి మనలను పెడత్రోవ పట్టింపవచ్చునని అప్పుడే హెచ్చరించెను. లోకము హెచ్చరికను మఱచినది. నిందను మాత్రము నిలుపుకొన్నది.

ఆ నింద డెబ్బదేండ్లు నిలిచినది. 1993లో అమెరికా, మంగోలియా పండితులు ఉఖా తోల్గోద్ వద్ద అట్టి గ్రుడ్డునే కనుగొనిరి. అందులో పిల్ల యెముకలుండెను. అది ప్రోటోసెరాటాప్స్ పిల్ల కాదు. ఓవిరాప్టర్ కుటుంబమునకు చెందినది. అచ్చటనే దొరకిన మఱియొక యస్థిపంజరము, చేతులు రెండును చాచి, వలయముగ పేర్చిన గ్రుడ్లమీద కోడివలె కూర్చుండియున్నది. అనగా నాడు దొంగ యనిపించుకొన్నది తన గూటిని తానే కాచుచు చచ్చియుండవలెను. శాస్త్రనియమముచే పేరు మార్చుటకు వీలులేక ఆ జీవి నేటికిని గ్రుడ్ల దొంగయే.

ఈ తీర్పు తిరుగబడుట యెట్లు సాధ్యమైనది? 1923 నాటివారు ఎముకను, గ్రుడ్లను ఏ పొరలో, ఏ స్థితిలో, ఎంత దగ్గరగ చూచిరో వ్రాసిపెట్టిరి. వారి యూహ తప్పినది గాని వారి దస్తావేజు తప్పలేదు. గ్రుడ్లు ప్రదర్శనశాలలో భద్రముగ నుండెను గనుక క్రొత్త గ్రుడ్డును పాతవానితో పోల్చి చూచుట సాధ్యమైనది. ఆ గ్రుడ్లన్నియు చిల్లరగ అమ్ముడై ధనికుల బల్లలమీద చేరియున్నచో ఆ నిరపరాధి నేటికిని నేరస్థునిగనే నిలిచియుండును.

ఆ రోజులలో నొక గ్రుడ్డును మాత్రము వేలము వేసిరి. పరిశోధనకు విరాళములు రాబట్టుటకై చేసిన యీ పనివలన 5,000 డాలర్లు వచ్చినవి. కాని నష్టము అంతకు మించెను. ప్రతి గ్రుడ్డును అంత వెల చేయునని మంగోలులును, చీనీయులును తలచుటచే ఆండ్రూసునకు పిమ్మట చిక్కులు కలిగినవి. జ్ఞానమునకై వచ్చితిమని చెప్పినవారు వెల కట్టి చూపిన తరువాత, ఆ భూమిగలవారు అనుమానింపక యెట్లుందురు?

రెండవ రుజువు డైనోకైరస్ కథ. 1965లో పోలెండు, మంగోలియా బృందమునకు నెమెగ్ట్ శిలలలో ఒకే మృగమునకు చెందిన రెండు చేతులు దొరకినవి. ఒక్కొక్కటి 8 అడుగుల దాదాపు పొడవు. తక్కిన దేహము మాత్రము లభింపలేదు. భయంకర హస్తమను నర్థముగల పేరు దానికి 1970లో పెట్టిరి. ఆ చేతులుగల మృగమెట్టిదో దాదాపు 50 ఏండ్లు ఎవరికిని తెలియలేదు. 2009లో దక్షిణ కొరియా, మంగోలియా బృందము బూగీన్ త్సావ్ వద్ద నట్టి యస్థిపంజరమును కనుగొనెను. కాని దొంగలు ముందే వచ్చిపోయిరి. పుఱ్ఱె లేదు, పాదములు లేవు. వెల పలుకునవి పోయినవి. పలుకనివి గుంటలో మిగిలినవి.

ఆ మిగిలిన దానిలో, ఉదరభాగమున 1,400కు పైగా గులకరాళ్లును, చేపల యెముకలును కనబడినవి. పండ్లు లేని యీ మృగము రాళ్లు మ్రింగి వానితో మేతను నలుగగొట్టెననియు, చేపలనుగూడ తినెననియు తెలిసినది. దొంగకు ఆ గులకరాళ్లు చెత్త. పండితునకు అవే యా మృగముయొక్క నిత్యాహారపు లెక్క. కొంతకాలమునకు ఐరోపాలో నొకరి సొంత సంగ్రహమున పుఱ్ఱెయు, పాదములును బయటపడెను. గుంటలో మిగిలినవానితో పోల్చగా రెండును ఒక్క మృగమువే యని తేలినది. 2014లో అవి మంగోలియాకు తిరిగివచ్చెను. ఆ యేడే 36 అడుగుల యా జీవి పూర్ణస్వరూపము లోకమునకు వెల్లడియైనది.

మూడవది మేము మొదట చెప్పిన తార్బోసారస్. ఆ వేలము సంగతిని మంగోలియా శిలాజశాస్త్రజ్ఞురాలు బోలోర్‌త్సెత్సెగ్ మింజిన్ గారు గమనించి తమ ప్రభుత్వమునకు తెలియజేసిరి. దిగుమతి కాగితములలో ఆ యెముకలు బ్రిటను నుండి వచ్చినవనియు, వెల 15,000 డాలర్లనియు వ్రాసియుండెను. పండితులు పరీక్షించి, అవి గోబీ పశ్చిమభాగమున 1995కును 2005కును నడుమ త్రవ్వబడినవని నిర్ధారించిరి. మంగోలియా శాసనముల ప్రకారము 1924 నుండి శిలాజములు ప్రభుత్వపు సొత్తు. ప్రభుత్వానుమతి లేక వానిని దేశము దాటించుట నేరము. రవాణా చేసినవాడు 2012 డిసెంబరులో నేరమొప్పుకొనెను. 2013 మేలో అస్థిపంజరము స్వదేశమునకు మరలినది. పూర్వము లెనిన్ పేర నుండిన ఉలాన్‌బాటర్ భవనమున రాక్షసిబల్లుల ప్రదర్శనశాల ఏర్పడెను. అయినను ఆ తార్బోసారస్ ఏ గుంటనుండి వచ్చినది, ప్రక్కన నేమి యుండినది, ఉదరమున నేమి మిగిలినది యని యడిగినచో చెప్పువాడు లేడు. ఎముకలు తిరిగివచ్చినవి, సాక్ష్యము తిరిగిరాలేదు.

ఇందుకు ప్రతిగ నొక వాదము కలదు. గాలికి, వానకు బయటపడిన యెముకలు కొన్నేండ్లలోనే పొడియై పోవును. కొనువాడైనను వానిని కాపాడుచున్నాడు గదా, అందురు. ఎముకలు పొడియగుట నిజమే. అందుకు మందు పండితుల రాకపోకలను హెచ్చించుట, ఆ దేశపు యువకులకు విద్య నేర్పుట. రాత్రివేళ గుంట త్రవ్వి, పుఱ్ఱె పెఱికి, తక్కినది పగులగొట్టి పోవుట కాపాడుట కాదు. విదేశీయుడు త్రవ్వరాదని మేము చెప్పుట లేదు. ఆండ్రూసును, పోలెండువారును, కొరియావారును విదేశీయులే. వారు మంగోలియా ప్రభుత్వముతో నొడంబడి త్రవ్విరి, చూచినది వ్రాసిరి. వారికిని దొంగకును గల భేదము స్వదేశ విదేశ భేదము కాదు. వ్రాసిపెట్టువానికిని చెఱిపివేయువానికిని గల భేదము.

ఈ విషయము మనకును కొత్తది కాదు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో యామనపల్లి గ్రామముచెంత కోటా శిలలలో దొరకిన రాక్షసిబల్లిని గూర్చి భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖకు చెందిన యాదగిరి గారు 1988లో ప్రకటించి, కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరిడిరి. దాని యస్థిపంజరము హైదరాబాదులోని బిర్లా ప్రదర్శనశాలయందు నిలిచియున్నది. శిలల పేరును, గ్రామము పేరును ఆ మృగము పేరుననే కలవు. అది యెచ్చటిదని యెవరును అడుగనక్కరలేదు. మన పొలములలో, వాగుల యొడ్డున వింతయైన రాయియో, ఎముకయో కనబడినచో దానిని పెఱికి తెచ్చి గూటిలో నుంచుకొనుట గొప్ప కాదు. ఉన్నచోటనే యుంచి, తెలిసినవారికి కబురంపుట గొప్ప. గోబీలో గూడు కాచిన యా మృగమునకు డెబ్బదేండ్లకైనను న్యాయము దొరకినది. దొరకుటకు కారణము, సాక్ష్యమును చెఱుపక వ్రాసిపెట్టినవారుండుటయే.