కరువు నేర్పిన తిండి, తగ్గని ఒళ్లు

అనంతపురం జిల్లా పేరు చెప్పగానే ఎవరికైనా కరువే జ్ఞాపకం వస్తుంది. ఏడాది పొడుగునా కలిపి అయిదారు వందల మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని ఈ మెట్టలో "ఒళ్లు తగ్గించుకోవడం" గురించి వ్రాస్తున్నామంటే పెద్దలు కొందరు నవ్వుకోవచ్చు. గింజల కోసం మొగం వాచిన రోజులు చూసినవారికి లావెక్కడమంటే కలిగినవారి ముచ్చట. అయినా తాడిపత్రిలోను, చుట్టుపట్ల పల్లెల్లోను ఏ సంఘంలోనైనా స్త్రీల సమాజం కూడికకు వెళ్లి చూడండి. మోకాళ్ల నొప్పులతో చాప మీద కూర్చోలేక కుర్చీ అడిగేవారు, నాలుగు మెట్లెక్కి ఆయాసపడేవారు, షుగరు మాత్ర చేతిసంచిలో పెట్టుకుని వచ్చేవారు కనబడతారు. వీరిలో చాలామందికి ఇంకా నలభై ఏండ్లు దాటీ దాటలేదు. ఇంట్లో పిల్లలు బడికి పోతూనే ఉన్నారు.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో మూడవ వంతుకు పైగా ఉండవలసిన బరువును మించి ఉన్నారని తేలింది. అదే సర్వేలో సగానికి మించిన స్త్రీలకు రక్తం తక్కువ అని కూడా తేలింది. ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో కలిసి ఉంటున్నాయి. ఒళ్లుంటుంది, బలముండదు.

మేము ఎరిగిన ఒక సహోదరి సంగతి చెబుతాము. పేరు అవసరం లేదు; ఆమెకు ఇష్టం కూడా లేదు. తాడిపత్రిలో ఇంటి దగ్గరే బట్టలు కుడుతుంది. భర్త బండల పాలిష్ యూనిట్‌లో పనిచేస్తాడు. ఇద్దరు పిల్లలు, అత్తగారు. పదిహేనేండ్లుగా ఊరి ఆడవాళ్లందరి నడుము కొలతలూ తీసిన మనిషి తన నడుము ఎన్నడూ కొలుచుకోలేదు. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ అడిగితే ఆ సాయంత్రం తన టేపుతోనే కొలుచుకుంది: 38 అంగుళాలు. మన దేశపు స్త్రీలకు 80 సెంటీమీటర్లు, అనగా 31 అంగుళాలన్నర దాటితే జాగ్రత్తపడాలని వైద్యులు చెబుతారు. మగవారికి ఆ గీత 90 సెంటీమీటర్ల దగ్గర ఉంది. బరువు 78 కిలోలు. రక్తపరీక్షలో షుగరు ఇంకా రాలేదు గాని గడప దాకా వచ్చి నిలబడింది.

ఆమెను కదిలించింది ఆ అంకెలు కాదు. ఆమె తల్లి షుగరు వల్లనే ముందు ఒక కాలు, తరువాత చూపు పోగొట్టుకుని మంచంలో మూడేండ్లు గడిపింది. ఆ మంచం దగ్గర చాకిరీ చేసింది ఈమే. ఇప్పుడు తన కూతురికి తొమ్మిదేండ్లు.

"నేను తినేదే లేదు, గాలి పీల్చినా లావవుతున్నా" అనేది ఆమె. అబద్ధం కాదు, అలా తోచడం సహజం. పొద్దున అయిదింటికి లేచి, పిల్లలకు డబ్బాలు కట్టి, భర్తను పంపి, అత్తగారికి పెట్టి, పదిన్నర దాకా తాను ఏమీ తినదు. అయితే ఒక వారం రోజులు నోట్లో పడినదల్లా పిల్లవాడి పాత నోటుబుక్కులో వ్రాయమన్నాము. మిషను మీదనే పెట్టుకుని వ్రాసింది. వారం తిరిగేసరికి సంగతి బయటపడింది. పళ్లెంలో పెట్టుకుని కూర్చుని తిన్నది నిజంగానే తక్కువ. కాని రోజుకు ఆరు గ్లాసుల టీ, గ్లాసుకు రెండు చెంచాల చక్కెర. అంటే పన్నెండు చెంచాలు, యాభై గ్రాముల పైమాటే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 25 గ్రాములు దాటవద్దంటుంది. పిల్లలు డబ్బాల్లో మిగిల్చి తెచ్చిన అన్నం, అత్తగారు వదిలిన దోసె ముక్క, గిన్నె అడుగున పప్పన్నం, "పారేస్తే పాపం" అని నిలబడి నోట్లో వేసుకున్నవి. సాయంత్రం కుట్టుపనికి వచ్చినవాళ్లతో కలిసి రెండు మిరపకాయ బజ్జీలు. ఇక రాత్రి పదింటికి, అందరూ తిన్నాక, రోజంతటి ఆకలీ కూడగట్టుకుని రెండు పళ్లేల అన్నం, వెంటనే నిద్ర.

నూనె లెక్క కూడా చూశాము. అయిదుగురి ఇంట్లో నెలకు ఆరు లీటర్లు. మనిషికి రోజుకు నలభై మిల్లీలీటర్లు పడుతుంది. పోషకాహార సంస్థ చెప్పేది ముప్పై గ్రాముల లోపే. వేరుశెనగ పండే సీమలో నూనె కొలిచి పోయమంటే ఎవరికైనా నవ్వు వస్తుంది. కాని గ్రాము పిండిపదార్థం నాలుగు కేలరీలిస్తే గ్రాము నూనె తొమ్మిది ఇస్తుంది. కూరలో ఒక గరిటె తగ్గితే పళ్లెంలో గుప్పెడు అన్నం తగ్గినట్టే.

ఇది తిండిపోతుతనం కాదని మా అభిప్రాయం. చివర తినడం, మిగిలినది పారేయకపోవడం, అన్నం దొరికినప్పుడు కడుపునిండా పెట్టుకోవడం: ఈ మూడూ కరువు మన ఆడవాళ్లకు నేర్పిన పాఠాలు. 1876-78 నాటి ధాత కరువు సంగతి పోనివ్వండి. 1952లో రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టిన రోజులు చూసినవారి కోడళ్లూ మనుమరాండ్రే ఈనాటి తల్లులు. ఆ రోజుల్లో ఆ పాఠాలు ప్రాణాలు కాపాడాయి. పొలంలో పొద్దుగూకులూ వంగిన ఒంటికి ఎంత తిన్నా చాలేది కాదు. ఇప్పుడు ఆ ఒళ్లు మిషను ముందు ఎనిమిది గంటలు కూర్చుంటుంది. పాఠం మాత్రం మారలేదు.

తిండి కూడా మారింది. మన తాతల కాలంలో ఇక్కడ కొర్రన్నం, జొన్నరొట్టె, సంగటి రోజువారీ తిండి. వరి అన్నం పండుగకో చుట్టం వస్తేనో. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చాక ఇంటింటా తెల్లన్నం రోజూ ఉడికింది. పొలాల్లో కొర్ర, జొన్న, సజ్జ పోయి వేరుశెనగ పరచుకుంది. 2023 నుండి కార్డున్న ఇంటికి మనిషికి అయిదు కిలోల చొప్పున బియ్యం ఉచితంగానే వస్తున్నాయి. ఆ బియ్యాన్ని మేము నిందించము. పస్తుల రాత్రులు ఎన్ని తప్పించాయో ఎరిగినవాళ్లము. కాని మూడు పూటలా బియ్యమే కడుపు నింపితే పప్పుకు, ఆకుకూరకు చోటు మిగలదు.

ఇంకొక సంగతి. పూణేలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడి పల్లెల్లో పుట్టిన శిశువులను ఇంగ్లాండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చి చూసింది. మన శిశువులు బరువులో చాలా తక్కువ. కాని తగ్గినది కండ. కొవ్వు అంతగా తగ్గలేదు. తల్లి గర్భంలోనే లేమిని చవిచూసిన దేహం కొవ్వును దాచుకుంటుందని, అలాంటివారికి తరువాత తిండి పెరిగితే తక్కువ బరువులోనే షుగరు వస్తుందని వారి వాదన. "మా ఇంట్లో అందరూ బక్కవాళ్లే, మాకేమీ రాదు" అనేవారు ఇది గుర్తుంచుకోవాలి. పొట్ట ముందుకు వచ్చి కాళ్లూ చేతులూ సన్నగా ఉన్నవారికి పరీక్ష మరీ అవసరం.

మన సహోదరి మొదట చేసినది తప్పుదారి పట్టడమే. వీధిలో ఎవరో అమ్ముతున్న డబ్బా పొడి, "నెలలో పది కిలోలు" అని చెప్పి నాలుగు వారాల కూలి డబ్బు లాక్కున్నారు. పాలలో కలుపుకుని తాగి, అన్నం మాని, మూడు కిలోలు తగ్గింది. పొడి అయిపోయాక నాలుగు పెరిగింది. ఇలాంటివి అమ్మేవాళ్లు మన ఊళ్లల్లోకి ఏదో ఒక పేరుతో వస్తూనే ఉంటారు. చీటీ మీద ఏమి కలిపారో తెలియని పొడికి పెట్టే డబ్బుతో ఇంటిల్లిపాదికీ నెలకు సరిపడా పెసలు, ఉలవలు వస్తాయి.

తరువాత చేసినది చిన్న చిన్న మార్పులు. పిల్లలను పంపాక ఎనిమిదింటికే కూర్చుని తినడం మొదలుపెట్టింది. ఇది అన్నిటికంటే కష్టమైందట. "అందరూ తినకుండా కోడలు ముందు తినడమేంటి" అని అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు. టీ ఆరు గ్లాసుల నుండి రెండుకు వచ్చింది, చక్కెర గ్లాసుకు ఒక చెంచా. డబ్బాల్లో మిగిలిన అన్నం పక్కింటి గేదెకు పోతోంది. పారేసినట్టు కాలేదు, ఆమె మనస్సుకూ నెమ్మది. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించి, ఆ చోటులో గట్టిపప్పు, తోటకూరో గోంగూరో మటిక్కాయలో పెట్టింది. సాయంత్రం బజ్జీలకు బదులు ఉడకబెట్టిన అలసందలో, ఉలవ గుగ్గిళ్లో. వానలు ఆలస్యమై వేరుశెనగ విత్తే అదను తప్పితే మన రైతులు ఉలవలు చల్లుతారు. అందుకే దానికి బీదల పంట అని పేరు. మాంసకృత్తులలో మాత్రం అది బీద కాదు. రాత్రి భోజనం ఎనిమిదింటికి జరిగింది; కుట్టుపని మిగిలితే తిన్న తరువాత.

కొర్రల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ అడిగేది అదే. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుండి కొర్రలు తింటే ఒళ్లు కరిగిపోతుందనే ప్రచారం పెరిగింది. నిజానికి వంద గ్రాముల కొర్రలలోను వంద గ్రాముల బియ్యంలోను కేలరీలు ఇంచుమించు సమానమే. పాలిష్ పట్టని కొర్రలలో పీచు ఎక్కువ కాబట్టి తొందరగా కడుపు నిండుతుంది, ఆకలి ఆలస్యంగా అవుతుంది. మేలు అంతవరకే. బియ్యం తిన్నంత పళ్లెమూ కొర్రన్నం తింటే ఏమీ తగ్గదు. పైగా కొర్రలు కొనాలి, బియ్యం ఊరకే వస్తున్నాయి. మొదటిసారి భర్త డబ్బాలో కొర్రన్నం పెడితే అత్తగారు అన్నమాట ఇది: "ఏమే, ఇంట్లో బియ్యం లేవా? నా కొడుక్కి కొర్రకూడు కట్టిస్తావా?" కొర్ర తిని పెరిగిన మనిషే ఆమె. లేమికి గుర్తైన తిండిని తన కొడుకు నలుగురిలో విప్పడం ఆమెకు సహించలేదు. ఆ బాధను తేలికగా తీసిపారేయడం మాకు చేతకాలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో వారానికి రెండుసార్లు, ఆదివారం ఆరాధన అయ్యాక ఒకసారీ బుధవారం రాత్రి ఒకసారీ కొర్రన్నం వండుతారు. వండేది అత్తగారే. గంజి వార్చకుండా ఎలా వండాలో కోడలికి తెలియదని ఆమె ఫిర్యాదు.

నడక మరొక తిప్పలు. వేసవిలో ఎనిమిది దాటితే తాడిపత్రి ఎండలో అడుగు పెట్టలేము. చీకటితో ఒంటరిగా పోవడానికి ఆడవాళ్లకు జంకు. ముగ్గురు కలిసి అయిదున్నరకు బడి మైదానంలో అరగంట తిరుగుతున్నారు. వారానికి అయిదు రోజులైతే నూటయాభై నిమిషాలు. అంతకంటే ఎక్కువ అడగనక్కరలేదు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన ఫలితాలు ఇక్కడ ధైర్యమిస్తాయి. షుగరు గడప దాకా వచ్చిన 531 మందిని మూడేండ్లు గమనించారు. తిండీ నడకా మార్చుకున్నవారిలో షుగరు రావడం 28 శాతం పైగా తగ్గింది. విశేషమేమంటే వారి బరువు పెద్దగా తగ్గలేదు. కాటా ముల్లు కదలలేదని మానుకునేవారు ఇది తెలుసుకోవాలి.

ఒక హెచ్చరిక. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, క్షయకు మందు వాడుతున్నవారు, రక్తం మరీ తక్కువైనవారు తమంతట తాము తిండి తగ్గించకూడదు. శ్రమల దినాల్లో ఉపవాసముండే షుగరు రోగులు డాక్టరును అడగకుండా మాత్రలు వేసుకుని పస్తుండటం ప్రమాదం. షుగరు ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఇక పగలంతా ఉపవాసముండి సాయంత్రం ప్రార్థన తరువాత బొండాలతో విరమించడం మన సంఘాల్లో మామూలైంది. గృహ ప్రార్థనలకు బిస్కెట్లు, మిక్చరు, తియ్యటి టీ పెట్టకపోతే ఇంటివారికి నామోషీ. ఎవరు ముందు మానాలన్నదే చిక్కు. మన సహోదరి తన ఇంట్లో జరిగిన కూడికలో మజ్జిగ, ఉడికించిన శనక్కాయలు పెట్టింది. ఇద్దరు మెచ్చుకున్నారు, ఒకామె బయటికి వెళ్లాక ఏదో అందట.

పదినెలలైంది. బరువు 72 దగ్గర ఆగి మూడు నెలలుగా కదలడం లేదు. నడుము 35 అంగుళాలు. షుగరు గడప దాటి లోపలికి రాలేదు. ఆరు నెలలకొకసారి చూపించుకోమన్నారు. దసరా సెలవుల్లో చెల్లెలి ఇంటికి వెళ్లి వారం రోజులు ఓళిగలు తిని రెండు కిలోలు పెంచుకుని వచ్చింది, మళ్లీ దించుకుంది. కూతురు తల్లిని చూసి రోజూ తన నడుమూ కొలవమని టేపు తెచ్చిస్తోందట. ఆ ఆట మాన్పించి, పిల్లకు గుడ్డు, పాలు, కడుపునిండా పప్పన్నం పెడుతోంది. టేపు ఇప్పుడు మిషను పక్కన మేకుకు పైన వేలాడుతోంది, పిల్లకు అందనంత ఎత్తున.