అద్దె యంత్ర పరికరాలకు బ్యాటరీ ట్రాకర్లు: కదలికను గుర్తించే పద్ధతి ఎంపిక

2014–15లో ప్రారంభమైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ గ్రామాలలో కస్టమ్ హైరింగ్ కేంద్రాల ఏర్పాటుకు ఆర్థిక తోడ్పాటునిస్తోంది. ఇటువంటి కేంద్రాలలోని ట్రాక్టరుకు స్వంత బ్యాటరీ ఉన్నందున దానికి ట్రాకరు అమర్చడం సులభం. రోటవేటరు, విత్తే గొర్రు, ట్రాలీ వంటి పరికరాలకు ఆ సౌలభ్యం లేదు. ఇవి రైతుల చేతులు మారుతూ ఊళ్లు దాటుతాయి. పనికాలం ముగిశాక నెలల తరబడి షెడ్డులో నిలిచి ఉంటాయి. ఆ విరామంలోనే ట్రాకరు బ్యాటరీ హరించుకుపోతే, తొలకరిలో పరికరం బయటికి వెళ్లే వేళకు ట్రాకరు ఉండీ లేనట్లే అవుతుంది. కావున బ్యాటరీ పరిమాణం కంటే ముందుగా పరిశీలించవలసినది, పరికరం కదిలిన సంగతి ట్రాకరుకు ఏ విధంగా తెలుస్తుందన్న అంశం.

జి.పి.ఎస్.తో నిరంతర పరిశీలన

నిర్ణీత వ్యవధిలో స్థానాన్ని కొలిచి, మునుపటి స్థానంతో పోల్చడం ఒక పద్ధతి. ఉపగ్రహ కక్ష్యా వివరాలు 30 సెకన్లకొకసారి ప్రసారమవుతాయి. అందువలన చాలాసేపు ఆగి మేల్కొన్న రిసీవరుకు ఆరుబయట సైతం అర నిమిషం వరకు పడుతుంది. ఉదాహరణకు, 30 మిల్లీ ఆంపియర్లు తీసుకునే రిసీవరు ప్రతి 15 నిమిషాలకు 45 సెకన్లు పనిచేసినచో రోజుకు 36 మిల్లీ ఆంపియర్ గంటలు ఖర్చవుతాయి. 2,400 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ రెండు నెలలకు కొద్దిగా మించి మాత్రమే నిలుస్తుంది. రేకుల కప్పు కింద సంకేతాలు బలహీనపడి ఈ ఖర్చు ఇంకా పెరుగుతుంది. గోడలు, చెట్ల దాపున స్థానం అటూ ఇటూ మారినట్లు కనిపించి, కదలని పరికరమే కదిలినట్లు నమోదు కావచ్చు.

కంపన స్విచ్చు

లోపలి చిన్న గోళీ లేదా స్ప్రింగు కదిలినప్పుడు వలయాన్ని కలిపే స్విచ్చు ఇది. ధర స్వల్పం, నిరీక్షణలో విద్యుత్ వినియోగం దాదాపు శూన్యం. అయితే దాని సున్నితత్వాన్ని తరువాత మార్చుకునే వీలు లేదు. గోళీ కలిసిన స్థితిలోనే పరికరం నిలిచిపోతే వలయం గుండా కొద్దిపాటి విద్యుత్తు నిరంతరం ప్రవహించే అవకాశమున్నది.

యాక్సిలరోమీటరు

త్వరణాన్ని కొలిచే ఈ చిప్పులు తక్కువ శక్తి విధానంలో కొన్ని మైక్రో ఆంపియర్లతోనే కాపలా కాస్తాయి. నిర్ణీత పరిమితి దాటినప్పుడు మాత్రమే మైక్రోకంట్రోలరును మేల్కొల్పుతాయి. రెండూ కలిసి 15 మైక్రో ఆంపియర్లు తీసుకుంటాయనీ, రోజుకు ఒకసారి స్థానం కొలుస్తారనీ అనుకుంటే రోజు ఖర్చు 0.75 మిల్లీ ఆంపియర్ గంటల లోపే. సందేశం పంపే ఖర్చు దీనికి అదనం.

అయితే త్వరణం, స్థానమార్పు ఒకటి కావు. స్థిరవేగంతో సాఫీగా సాగే వస్తువులో త్వరణం ఉండదు. పక్కన ట్రాక్టరు స్టార్టు చేసినా, రేకుల మీద వాన పడినా నిలిచి ఉన్న పరికరం అదురుతుంది. అందువలన యాక్సిలరోమీటరు అనుమానాన్ని తెలపాలి, జి.పి.ఎస్. దానిని నిర్ధారించాలి. ఈ రెంటి కలయిక అద్దె పరికరాలకు అనువైనది.

పరిమితి, వ్యవధుల నిర్ణయం

పరిమితి మరీ తక్కువైతే తప్పుడు మేల్కొలుపులు పెరుగుతాయి. సందేశం పంపేటప్పుడు 2జి మోడెము క్షణకాలం 2 ఆంపియర్ల వరకు తీసుకోగలదు గనుక వీటి భారం చిన్నది కాదు. పరిమితి ఎక్కువైతే అసలు కదలికే జారిపోతుంది. మొదటిది బ్యాటరీకి నష్టం, రెండవది పరికరానికే ముప్పు. ఒక్క కుదుపుకు కాక, కొన్ని సెకన్లపాటు కదలిక కొనసాగినప్పుడే జి.పి.ఎస్. మేల్కొనేటట్లు అమర్చడం ఈ రెంటికీ మధ్యేమార్గం. భూమ్యాకర్షణ వల్ల ఎల్లప్పుడూ నమోదయ్యే 1 జి విలువను వడపోత ద్వారా తొలగించడం మరువరాదు.

పొలంలో పనిని, రోడ్డుపై రవాణాను వేరుచేయదలచినప్పుడు సేకరణ వేగమూ ముఖ్యమే. నిమిషానికి 540 చుట్లు తిరిగే పి.టి.ఓ. షాఫ్టు కంపనం సెకనుకు 9 ఆవృత్తులు. దానిని సరిగా గుర్తించాలంటే సెకనుకు 18కి మించి నమూనాలు తీసుకోవాలి. కదిలిందా లేదా అన్నంతవరకే తెలిస్తే చాలునన్నప్పుడు ఇంతకంటే తక్కువ వేగం సరిపోతుంది.

క్షేత్ర పరీక్ష

విస్తరణ శాస్త్రవేత్తలు సిఫారసు చేసే ముందు ప్రతి పరికరంపై నాలుగు స్థితులను నమోదు చేయడం మేలు: షెడ్డులో నిలిచి ఉండగా, పక్కన ఇంజను నడుస్తుండగా, తారురోడ్డుపై నెమ్మదిగా లాగుతుండగా, పొలంలో పనిచేస్తుండగా. మొదటి రెండింటి కంపనానికి పైన, మూడవదాని కంపనానికి దిగువన పరిమితి ఉండాలి. అట్టి ఖాళీ దొరకనిచో వ్యవధిని పెంచాలి లేదా ట్రాకరును బిగించిన చోటు మార్చాలి.

కదిలినప్పుడే సందేశం పంపే ట్రాకరు మౌనంగా ఉంటే, పరికరం నిలిచి ఉన్నదో, బ్యాటరీ అయిపోయినదో కేంద్రం నిర్వాహకులకు తెలియదు. రోజుకు ఒక చిన్న హాజరు సందేశం, దానితోపాటు బ్యాటరీ వోల్టేజి వివరం ఈ సందిగ్ధాన్ని తొలగిస్తాయి. ఆ సందేశం ఆగిన మరునాడే పరికరం వద్దకు మనిషిని పంపే ఏర్పాటు కూడా కేంద్రంలో ఉండాలి.