బరువు సరే, ట్రైగ్లిజరైడ్లు ఎంత?

అన్నప్రసాదం వరుసలో ఈమధ్య 'ఓజెంపిక్' మాట తరచుగా వినిపిస్తోంది. మేము డాక్టర్లం కాదు, ఐటీ వాలంటీర్లం. చదివి తెలుసుకున్నది చెబుతున్నాం.

భోంచేయగానే మన పేగులు జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను వదులుతాయి. ఇన్సులిన్‌ను పెంచేది, మెదడుకు 'ఇక చాలు' అని చెప్పేది అదే. కానీ రెండు నిమిషాల్లోనే రక్తంలో సగానికి తగ్గిపోతుంది. ఓజెంపిక్ అదే పని వారమంతా చేస్తుంది. ఆకలితోపాటు, తిన్నాక రక్తంలో చేరే కొవ్వును, అంటే ట్రైగ్లిజరైడ్లను కూడా తగ్గిస్తుంది. (2005లో వచ్చిన ఈ తరహా మొదటి మందుకు మూలం ఒక ఎడారి బల్లి విషం!)

మన చిక్కు వేరే ఉంది. షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాల్లోని దక్షిణాసియావారిపై 2010లో 'మసాలా' అధ్యయనం మొదలైంది. పేరు నిజంగా అదే. బీఎంఐ సమానంగా ఉన్నా, ఇతరులకంటే మనవాళ్లకు కండ తక్కువ, కాలేయంలో కొవ్వు ఎక్కువ అని అందులో తేలింది. ఆసియా మూలాలవారికి షుగరు పరీక్ష చేయించాల్సిన బీఎంఐ హద్దును అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో 25 నుంచి 23కు దించింది.

పరగడుపు పరీక్షలో ట్రైగ్లిజరైడ్లు 150 దాటితే, బరువు ఎంతున్నా సరే, డాక్టరుగారిని అడగండి. వాటిని పెంచేది నెయ్యి ఒక్కటే కాదు. రెండోసారి వడ్డించుకున్న పులిహోర, చక్కెర పొంగలి కూడా.