సింహాసన వార్త: వెల్స్ చిత్రంలో విక్టోరియా, శాసనాలలో రుద్రమ

ప్రవేశిక

రాజ్యం స్త్రీ చేతికి వచ్చిన సందర్భాన్ని చిత్రం ఒక తీరున, శాసనం మరొక తీరున నిలుపుతాయి. హెన్రీ టాన్‌వర్త్ వెల్స్ గీసిన విక్టోరియా చిత్రాన్ని, కాకతీయ రుద్రమదేవికి సంబంధించిన ఆధారాలను కలిపి చదివి, అవి వేటిని చూపాయో, వేటిని మరుగుపరిచాయో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

చిత్రం చూపేది

1837 జూన్ 20 వేకువజామున నాలుగవ విలియం మరణించాడు. ఉదయం ఆరు గంటలకు తల్లి నిద్రలేపగా, 18 ఏళ్ల విక్టోరియా కెన్సింగ్టన్ ప్రాసాదంలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పును, లార్డ్ కనింగ్‌హామ్‌ను కలుసుకున్నది. ఆ గదిలోకి తాను ఒంటరిగా వెళ్లినట్లు దినచర్యలో రాసుకున్నది. అంతవరకు తల్లి గదిలోనే నిద్రించిన యువతి విషయంలో ఆ చిన్నమాటకు గల బరువు గమనింపదగినది.

వెల్స్ ఈ ఘట్టాన్ని చిత్రించి 1880లో రాయల్ అకాడమీలో ప్రదర్శించాడు. 1828లో జన్మించిన ఆయన ఆ సంఘటన నాటికి ఎనిమిదేళ్ల బాలుడు. అందువల్ల ఇది కళ్లారా చూసినది కాదు, జ్ఞాపకం నుంచి అల్లుకున్న దృశ్యం. తెల్లని వస్త్రాలలో నిలిచిన యువతి, ఆమె ఎదుట వినమ్రులైన పెద్దలు: అధికారం నిష్కల్మషత్వాన్ని వెతుక్కుంటూ వచ్చిందన్న భావం ఇందులో స్ఫురిస్తుంది. అదే రోజు జరిగిన తొలి మంత్రాలోచన సభను చిత్రించిన డేవిడ్ విల్కీ, నల్లని సంతాపవస్త్రాలలో ఉన్న రాణికి 1838లోనే తెల్లని దుస్తులు తొడిగాడు. కనుక ఈ తెలుపు కేవలం వస్త్రవర్ణం కాదు, ఒక వ్యాఖ్యానం.

చిత్రం మరుగుపరిచేది

1880 నాటికి విక్టోరియా భారత చక్రవర్తిని. ఆనాడు గంజాం జిల్లాలో భాగమైన ఈ భావనపాడు తీరం 1837లో కంపెనీ పాలనలో ఉండేది. 1858 నవంబరు 1 నాటి ప్రకటనతోనే రాణి నేరుగా ఇక్కడి ఏలిక అయింది. 1866లో గంజాం తీవ్రమైన కరువును చవిచూసింది. సామ్రాజ్యం ఇంత పెరిగిన తరువాత, దాని ఆరంభాన్ని వేకువవెలుగులోని అమాయక ముహూర్తంగా చూపడం చరిత్రభారాన్ని తేలికపరచడమే.

శాసనం చెప్పేది

రుద్రమ విషయంలో ఇందుకు భిన్నమైన పద్ధతి కనిపిస్తుంది. శక 1183 (సా.శ. 1261) నాటి మల్కాపురం శాసనం విశ్వేశ్వర శంభుడికి మందరం, వెలగపూడి గ్రామాల దానాన్ని తెలుపుతుంది. తండ్రి గణపతిదేవుడు వాగ్దానం చేసిన మందరాన్ని కుమార్తె వెలగపూడితో కలిపి సమర్పించింది. ఇక్కడ అధికారం చెవిన పడిన వార్త కాదు, తండ్రి మాటను చెల్లించే బాధ్యత. అయితే ఇతర శాసనాలలో ఆమె ‘రుద్రదేవ మహారాజు’. ‘ప్రతాపరుద్రీయం’ కూడా ఆ పురుషనామాన్ని తండ్రే పెట్టినట్లు చెబుతుంది. పాలకురాలిని నిలపడానికి భాష ఆమె స్త్రీత్వాన్ని పక్కకు తప్పించింది.

ముగింపు

వెల్స్ చిత్రం స్త్రీని చూపి అధికారాన్ని మరుగుపరచగా, పురుషనామం అధికారాన్ని చూపి స్త్రీని మరుగుపరిచింది. మందర దానం ఈ రెంటికీ భిన్నం: అక్కడ రుద్రమ పేరు, ఆమె చేసిన పని కలిసే ఉన్నాయి. రాణుల చరిత్ర రాసేవారు పట్టాభిషేక దృశ్యాల కంటె ఇటువంటి కార్యాలనే ముందుగా పరిశీలించడం అవసరం.