పాత బ్యాటుకు కొత్త జీవం

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అన్నారు పెద్దలు. చీరల విషయంలో, చెప్పుల విషయంలో అది నిజమే కావచ్చు. క్రికెట్ బ్యాటు విషయంలో మాత్రం సగమే నిజం. ఒకరి చేతిలో రెండు మూడేళ్లు ఆడిన మంచి బ్యాటు, మెరుగు బాగా పెట్టిన నాసిరకపు కొత్త బ్యాటుకన్న ఎన్నో విధాల మేలు. ఐతే దానిని చూసి ఎంచుకోవడం తెలియాలి, బాగుచేసుకోవడమూ తెలియాలి.

ఈ సంగతి ఏ ఇంటికైనా అవసరమే. పిల్లవాడు బడిజట్టులో చేరాడంటే మొదట అడిగేది బ్యాటు. ఈ రోజుల్లో అమ్మాయిలూ అడుగుతున్నారు. ఇంగ్లీషు విల్లో కర్రతో చేసిన మంచి బ్యాటుకు వేల రూపాయలు పెట్టాలి. పిల్లలా, ఏడాదికేడాది పొడుగు ఎదుగుతారు. నిరుటి బ్యాటు ఈ ఏటికి పొట్టిదవుతుంది. కనుక పెద్ద తరగతి కుర్రవాడు వదిలేసిన బ్యాటును సగం ధరకో, ఇంకా తక్కువకో కొనుక్కోవడం తెలివైన పనే. అందులో చిన్నతనమేమీ లేదు.

బ్యాటంటే కర్ర

1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో మన తెలుగువాడైన సి.కె. నాయుడు ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేశాడు. ముచ్చటపడి ఆ జట్టువారు ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు. వెండి బ్యాటు అద్దాల బీరువాకు అందమే. ఆటకు కావలసింది కర్రబ్యాటు. 1979లో పెర్త్ టెస్టులో డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాటు పట్టుకుని వచ్చి పెద్ద గొడవకు కారకుడయ్యాడు. ఆ తరువాత 1980 నాటి నిబంధనలలో బంతిని కొట్టే భాగం, అంటే బ్లేడు, కర్రతోనే చేయాలని రాశారు.

ఆ కర్ర విల్లో చెట్టుది. తేలికగా ఉంటుంది, దెబ్బకు ఓర్చుకుంటుంది. తెల్లగా, నిలువు గీతలు తిన్నగా ఉండేది సాధారణంగా ఇంగ్లీషు విల్లో. కాస్త గోధుమరంగులో, కొంచెం బరువుగా ఉండేది కాశ్మీరు విల్లో. పిడి మాత్రం పేము బెత్తంతో చేస్తారు. దాని చివరను కోణంగా చెక్కి, బ్లేడులో దింపి, జిగురుతో అతుకుతారు.

విల్లో మెత్తని కర్ర. అందుకే తయారుచేసేవారు బ్లేడును యంత్రంతో గట్టిగా నొక్కుతారు. ఆ తరువాత ఆటలో బంతి తగిలినకొద్దీ పైపొర ఇంకా బిగుసుకుంటుంది. పాత బ్యాటులోని అసలు ఆస్తి ఈ బిగిసిన పొరే. కొత్త బ్యాటు కొన్నవాడు గంటల తరబడి సుత్తితో కొట్టి సంపాదించేది, పాతది కొన్నవాడికి అమర్చిపెట్టినట్టు దొరుకుతుంది. బాగుచేసే తొందరలో దానిని పోగొట్టుకోకపోవడమే ఈ పని మొత్తానికి కిటుకు.

కొనేముందు పరీక్ష

పైన పటారం లోన లొటారం అనిపించే బ్యాట్లు బజారులో చాలా ఉంటాయి. మెరిసే స్టిక్కరు చూసి మోసపోకండి. ముందుగా పిడిని ఒక చేత్తో, బ్లేడును మరొక చేత్తో పట్టుకుని కొద్దిగా మెలిపెట్టండి. కిర్రుమన్నా, అతుకు దగ్గర సందు కనిపించినా అనుమానించాలి. పిడిలోపలి బెత్తం విరిగి ఉంటే ఆ బేరం వదిలేయండి. ఆడుతుండగా బ్లేడు ఊడి ఎవరిమీదనైనా పడవచ్చు. పిడి మార్చడం ఇంట్లో అయ్యే పని కాదు. పనివాడికి ఇచ్చే కూలి లెక్క చూసుకుని నిర్ణయించుకోండి.

తరువాత పాత బంతితో బ్లేడును అక్కడక్కడ తట్టండి. ఖంగున పలికి బంతి ఎగిరితే కర్ర ప్రాణంతో ఉన్నట్టు. బొద్దుగా, మూగగా పలికితే లోపల పగులో, తేమో, నూనె ఎక్కువై నానడమో ఉండవచ్చు. నిలువు గీతల వెంట సన్నని వెంట్రుకపగుళ్లు ఉంటే భయం లేదు. ఆడిన ప్రతి బ్యాటుకూ అవి వస్తాయి. బ్లేడుకు అడ్డంగా లోతైన పగులుంటే మాత్రం వద్దు. నేలకు తగిలే అడుగు కొస ఉబ్బి నల్లబడితే అది నీళ్లు తాగిందన్నమాట. సన్నని రంధ్రాలుండి పిండి రాలుతుంటే పురుగు పట్టినట్టు. దానిని ఇంటికి తేవద్దు.

పాత తోలు ఊడదీయడం

మొదట చిరిగిన రబ్బరు గ్రిప్పును నిలువునా కోసి తీసేయండి. బ్లేడుమీద ప్లాస్టిక్ పొర అంటించి ఉంటే జుట్టు ఆరబెట్టే యంత్రంతో కొద్దిగా వెచ్చజేసి, ఒక మూలనుంచి నెమ్మదిగా, బ్లేడుకు దాదాపు ఆనించినట్టు వెనక్కి లాగండి. విసురుగా లాగితే కర్ర నార కూడా లేచివస్తుంది. మిగిలిన జిగురును గుడ్డమీద నాలుగు చుక్కల నీలగిరి తైలం వేసి తుడిస్తే పోతుంది. నీళ్లతో కడగడం మాత్రం ఎన్నడూ చేయకూడదు.

ఇక ఉప్పుకాగితం. 120 నంబరుతో మొదలుపెట్టి, 180తో నునుపు చేసి, 240తో ముగించండి. కాగితాన్ని చెక్కముక్కకు చుట్టి, గీతల వెంట నిలువుగానే రుద్దాలి. మురికి పోయి, పాత నూనెజిడ్డు వదిలి, కర్ర రంగు కనిపించగానే ఆపేయండి. ఎర్రని బంతిమరకలన్నీ పోవాలని పంతం పట్టినవాడు ఆ బిగిసిన పైపొరను చేజేతులా గీకిపారేసుకుంటాడు. నాలుగు మరకలుంటే ఉండనివ్వండి.

పగుళ్లకు వైద్యం

అంచున పగులు ఉంటే దానిని కొద్దిగా తెరచి, వడ్రంగులు వాడే ఫెవికాల్ వంటి తెల్ల జిగురును సన్నని రేకుతోనో, సూది తీసిన సిరంజితోనో లోపలిదాకా పంపండి. పైకి పొంగిన జిగురు తుడిచి, మైనపుకాగితం చుట్టి, దానిమీద పాత సైకిలు ట్యూబును పట్టీగా కోసి బిగించి కట్టండి. ఒక రోజు పూర్తిగా కదపకండి. విప్పాక గరుకును సాపు చేయండి. తరువాత ఆ చోట దారం చుట్టి జిగురు పూయడమో, బ్యాట్లకని అమ్మే పీచుటేపు అంటించడమో చేస్తే పగులు పాకదు. ఇలా రక్షణకు, మరమ్మతుకు పలుచని పూత వేసుకోవడాన్ని ఆట నిబంధనలు ఒప్పుకుంటాయి.

నూనె: కొంచెమే

ఎక్కువమంది బ్యాట్లు చెడేది ఇక్కడే. కావలసింది పచ్చి అవిసెనూనె. రంగులవాళ్లు వాడే 'బాయిల్డ్' రకం పనికిరాదు. అందులో త్వరగా ఆరడానికి మందులు కలుపుతారు.

ఒక టీచెంచాడు నూనెను మెత్తని గుడ్డతో బ్లేడు ముందువైపు, అంచులు, అడుగు కొస, వెనుకవైపు పలుచగా పూయండి. పిడికి, పిడి దిగే అతుకుకు తగలనివ్వకండి. జిగురు పట్టు సడలుతుంది. బ్యాటును నిలబెట్టకుండా, ముఖం పైకి పెట్టి, ఒక రోజు పడుకోబెట్టండి. మరునాడు ఇంకా పలుచగా మరొక పూత. అంతటితో చాలు. అతి సర్వత్ర వర్జయేత్! నూనెలో ఊరిన బ్యాటు బరువెక్కి బంతిని ఎగరగొట్టలేదు.

ఇల్లాళ్లు తప్పక గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. అవిసెనూనె గాలిలోని ఆమ్లజనితో కలిసి ఆరుతుంది, ఆరేటప్పుడు వేడి పుడుతుంది. నూనెగుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకోగలదు. ఆరుబయట ఒంటిపొరగా పరచి ఆరబెట్టండి. లేదా నీళ్లలో తడిపి పారేయండి.

సుత్తి, గ్రిప్పు, ఆపైన ఆట

నూనె ఇంకాక, రుద్దిన చోట్లను మళ్లీ గట్టిపరచాలి. కర్రసుత్తి లేకుంటే పాత తోలుబంతిని మేజోడులో వేసి ముడివేసి దానితో కొట్టవచ్చు. మొదట మెల్లగా, పోనుపోను గట్టిగా, ముఖమంతటా కొట్టండి. అంచులను ఏటవాలుగా కొట్టి గుండ్రం చేయాలేగాని నేరుగా మోదరాదు. అడుగు కొసను, వెనుకవైపును ముట్టవద్దు. పాత బ్యాటుకు రోజుకు పావుగంట చొప్పున ఒక వారం చాలు. పిల్లలకు ఈ పని మహా ఇష్టం. మధ్యాహ్నం పొరుగువారు నిద్రపోయే వేళ మాత్రం వద్దని చెప్పండి.

పిడిమీద దారం ఊడి ఉంటే, జిగురు రాసి, వరుస తప్పకుండా బిగించి చుట్టి ఆరనివ్వండి. కొత్త గ్రిప్పు లోపల కాస్త ముఖానికి రాసే పౌడరు చల్లి, మేజోడును మడిచినట్టు చుట్టచుట్టి, పిడిపైనుంచి కిందికి విప్పుకుంటూ రండి. మొదటి రెండు మూడు రోజులు పాత మెత్తబడిన బంతితోనే ఆడాలి. ముఖంమీద గుంటలు పడుతుంటే మరికొంతసేపు సుత్తిపని కావాలన్నమాట.

ఆ తరువాత ఎండలో, అటకమీద వేడిలో పెట్టకూడదు. కర్ర ఎండి పెళుసెక్కుతుంది. వానాకాలం తడిగడ్డిలో ఆడితే రాగానే పొడిగుడ్డతో తుడవాలి. అడుగు కొసకు రబ్బరుముక్క అంటిస్తే తేమ ఎక్కదు.

మొత్తంమీద పదిరోజుల పని. అందులో మీరు చేతులాడించేది రోజుకు కొద్దిసేపే. మిగతాదంతా జిగురు ఆరడానికి, నూనె ఇంకడానికి ఓపికగా ఆగడమే. ఆ ఓపిక పిల్లవాడిచేతనే పట్టించండి. తండ్రి పక్కన కూర్చుని దారి చెబితే చాలు. తాను రుద్ది, తాను అతికి, తాను చుట్టిన బ్యాటును ఏ పిల్లవాడూ కోపం వచ్చినప్పుడు నేలకేసి కొట్టడు. మరుసటి ఏడు అది తనకు పొట్టిదైనప్పుడు, తమ్ముడికో, చెల్లెలికో, వీధిలో మరొక చిన్నవాడికో ఇవ్వడానికి నాలుగు ముక్కల జాగ్రత్తలు కూడా అతని దగ్గర ఉంటాయి.