పిలుపు అడవి దాక చేరవలెనన్నచో

భద్రాచలము వద్ద గోదావరి 43 అడుగులకు పెరిగినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది వెలువడును. 2022 జూలైలో నీరు 71 అడుగులు దాటినది. మనిషి మెరక చేరుటకు వ్యవధి మిగిలియుండగా చెవినిబడినప్పుడే అట్టి హెచ్చరికకు విలువ. గడువును గుర్తుచేయు ప్రతి సందేశమునకును ఇదియే ధర్మము.

నేడు ఆసుపత్రులు, దేవాలయములు తమ వెబ్‌సైట్లలో మనము రావలసిన దినమును, వేళను ముందుగా కేటాయించుచున్నవి. ఆ దినమును మరల గుర్తుచేయు పనిని యంత్రమునకు అప్పగించుట ఎట్లు? భద్రాచలమునకు ఎగువను, చర్ల, దుమ్ముగూడెము అడవుల అంచున అది అక్కరకు వచ్చుట ఎట్లు? ఈ విషయమును కొంత విచారింతము.

పసిబిడ్డల టీకాలనే ఉదాహరణగా గైకొందము. పుట్టిన పిదప 6, 10, 14 వారములకు బిడ్డకు టీకాలు వేయించవలెను. పుట్టిన తేదీ నొక్కసారి నమోదు చేసినచో యంత్రము దానికి 42, 70, 98 దినములు కూడి మూడు గడువులను తానే లెక్కగట్టును. 2021లో కోవిడ్ టీకాలకు వచ్చిన కోవిన్ ఈ పద్ధతిని దేశమంతటికి పరిచయము చేసినది. 2023లో ప్రయోగముగా మొదలైన యూ-విన్ దానినే తల్లులకు, పిల్లలకు వేయు టీకాలకు విస్తరించినది.

ఇందలి కీలకము సులభమైనది. వెబ్‌సైట్ వెనుక నొక పట్టీ ఉండును. అందు పేరు, ఫోను సంఖ్య, గడువు, భాష నమోదై యుండును. అలసట యెరుగని గుమాస్తా వంటి కార్యక్రమ మొకటి కొద్ది నిమిషముల కొకసారి ఆ పట్టీని తిరుగవేసి, గడువు దగ్గరపడిన వారి వివరములను ఎస్.ఎం.ఎస్. పంపు సంస్థకు అందించును. పంపిన వెంటనే పట్టీలో గుర్తు పెట్టవలెను. లేకున్న ఒకరికే పదిమారులు పోవును. గడువు మారినను, రద్దయినను పాత సందేశము ఆగిపోవు ఏర్పాటును ఉండవలెను. మన దేశమున ట్రాయ్ సంస్థ 2018లో చేసిన నిబంధనల ననుసరించి, పంపువారి పేరును, సందేశపు నమూనాను ముందుగా నమోదు చేయించుకొనవలెను. పేరు, తేదీ వంటి మారు మాటలకు మాత్రమే అందు ఖాళీలు విడువవలెను.

తరువాతి చిక్కు అక్షరములది. ఒక ఎస్.ఎం.ఎస్.లో పట్టునది 140 బైట్లు మాత్రమే. ఇంగ్లీషు అక్షరములైనచో 160 పట్టును. తెలుగునకు 70 మాత్రమే. అందును మనము ఒకటిగా పలుకు అక్షరమును యంత్రము విడదీసి లెక్కించును. ‘భద్రాచలం’ మనకు నాలుగక్షరములు, యంత్రమునకు ఎనిమిది. 70 దాటినచో సందేశము 67 చొప్పున తునకలై, తునక కొక రుసుము పడును. కనుక మాట పొదుపుగా ఉండవలెను. “శుక్రవారం 9న చర్ల ఆసుపత్రికి పిల్లను తీసుకురండి.” ఇది 48తో ముగిసినది.

ఇందు ‘రేపు’ అను మాట లేకుండుటను గమనింపుడు. అడవిలో సిగ్నల్ అందని గూడెములు కలవు. ఫోను పలుకనిచో సందేశము సంస్థ యొద్దనే వేచియుండి, ఫోను టవర్ నీడకు వచ్చినప్పుడు అందును; నియమిత వ్యవధి మించినచో రద్దగును. బుధవారము పంపిన ‘రేపు’ శుక్రవారము చేరినచో శనివార మగును. తల్లి బిడ్డ నెత్తుకొని మైళ్లకొలది నడచివచ్చి, తాళము వేసిన గది ముందు నిలువవలసి వచ్చును. మరల ఆమె వచ్చునా? అందుచేత వారమును, తేదీని వ్రాయుటయే క్షేమము.

మరియు గూడెముల వారు వారమున కొకమారు సంతకు దిగుదురు. ఫోనుకు సిగ్నల్ దొరకు దినము చాలమందికి అదియే. నగరములలో వలె గడువునకు 24 గంటల ముందని అందరికి ఒకే నియమము పెట్టుట ఇక్కడ చెల్లదు. పట్టీలో గ్రామము పేరుతోబాటు సంత దినమును చేర్చి, గడువునకు ముందు వచ్చు సంతనాటి ఉదయమున సందేశము పోవునట్లు అమర్చవచ్చును. వీలైనచో టీకా దినమునే సంత దినమునకు కలుపుట మరింత మేలు.

భాష మరియొక అడ్డు. కోయలలో ఇంట కోయభాష మాటలాడువారు కలరు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ నుండి వలస వచ్చిన గుత్తికోయ కుటుంబములలో తెలుగు చదువురాని వారు కలరు. వారికి వ్రాతకంటె పలుకు మేలు. కోయభాషలో ముందుగా పలికించి దాచిన మాటను యంత్రమే ఫోనుచేసి వినిపింపగలదు.

ఫోను ఒక్కొక్కప్పుడు భర్తదో పొరుగువారిదో అయి యుండును. కావున గర్భము, క్షయ వంటి మాటలు సందేశమున రాకూడదు. స్థలము, దినము చాలును. తల్లి అనుమతి తీసుకొనుటయు మరువరాదు.

ఇంత చేసినను కొన్ని సందేశములు చేరవు. చేరినవో లేవో సంస్థ తిరిగి తెలుపును. చేరని పేర్లను యంత్రము ప్రతి సాయంకాలము జాబితాగా తీసి ఆ ఊరి ఆశా కార్యకర్తకు, ఏ.ఎన్.ఎం.కు అందింపవలెను. అందిన ప్రతివాడును వినెననియు అనుకొనరాదు. వాగు పొంగి దారి తెగినప్పుడు తల్లి ‘రాలేను’ అని తెలుపుటకు ఒక సంఖ్యయు, వెంటనే మరియొక దినము నిచ్చు మనిషియు ఉండవలెను. వరద హెచ్చరిక వెలువడిననాడు ఆ దారిలోని పిలుపులన్నిటిని ఆపి, గడువులను మార్చు అధికారము ఒకరి చేతిలో ఉండుట అవసరము.

యంత్రము మరువదు, కాని సంతయు, వాగును, కోయమాటయు దానికి తెలియవు. అవి తెలిసినవారు ముందుగా కూర్చుండి పట్టీ నింపినచో, చిన్నదియైన ఆ సందేశము బిడ్డను వేళకు టీకా చెంతకు చేర్చగలదు.