గాలిమోటారు ఆల్బం

ఆకాశంలో మోత మారితే చాలు, చేతిలో చాయ్ పక్కన పెట్టి ఫోను పైకెత్తేవాళ్లు మాదాపూర్ ఆఫీసుల్లో తక్కువేం లేరు. హైటెక్ సిటీలో మెట్రో ఎక్కితే తొమ్మిదో స్టేషన్ బేగంపేట. అక్కడి పాత విమానాశ్రయంలో రెండేళ్లకోసారి విమానాల జాతర. వెనకటికి తెలంగాణ పల్లెల్లో విమానాన్ని ‘గాలిమోటారు’ అనేవారు. ఆ గాలిమోటార్లతో హైదరాబాద్‌కున్న చుట్టరికం సెల్‌ఫోన్లకన్నా, సైబర్ టవర్స్‌కన్నా చాలా పాతది. ఆ ఆల్బంలోంచి కొన్ని పేజీలు...

లండన్‌లో ‘హైదరాబాద్ నంబర్ 12ఏ’

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం 110వ స్క్వాడ్రన్‌కు తొలి విమానాలన్నీ నిజాం ఇచ్చిన కానుకే. డీహెచ్-9ఏ రకం బాంబర్లవి. ఒక్కోదాని మీద ఆ కానుక సంగతి, ‘హైదరాబాద్’ అన్న పేరు, ఒక నంబరు రాసి ఉండేవి. వాటిలో ఎఫ్1010 అనే విమానం, అంటే హైదరాబాద్ నంబర్ 12ఏ, 1918 అక్టోబరు 5న జర్మన్ల చేతికి చిక్కింది. వాళ్లు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో అది పోలండ్ చేరింది. 1977లో బ్రిటన్ ఒక స్పిట్‌ఫైర్‌ను బదులిచ్చి మరీ దాన్ని ఇంటికి తెచ్చుకుంది. ఇప్పుడు లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. లండన్ వెళ్లే తెలుగువాళ్లు మైనపు బొమ్మల పక్కన నిలబడి ఎన్ని ఫొటోలు దిగినా, మనూరి పేరున్న ఈ విమానం పక్కన కూడా ఒకటి దిగాల్సిందే!

ఊరి పేరే విమానం పేరు

1923లో తొలిసారి ఎగిరిన ఒక బ్రిటిష్ బాంబర్ పేరు ‘హ్యాండ్లీ పేజ్ హైదరాబాద్’. బ్రిటిష్ వైమానిక దళంలో చెక్కతో చేసిన భారీ బాంబర్లలో ఆఖరుది ఇదే. ఇక రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ చిహ్నమేమిటో తెలుసా? నిజాం తలపాగా, అదే దస్తార్. కింద రాసుకున్న నినాదం ‘నమ్మకమైన మిత్రుడు’. బ్రిటిష్‌వాళ్లు నిజాంకు ఇచ్చిన బిరుదు కూడా అదే.

దక్కన్ డకోటాలు

నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో ‘దక్కన్ ఎయిర్‌వేస్’ పెట్టారు. మరుసటి ఏడాది బేగంపేట నుంచి సర్వీసులు మొదలయ్యాయి. యుద్ధం ముగిశాక సైన్యాలకు అక్కర్లేకుండా పోయిన డకోటాలు ఆ రోజుల్లో చవగ్గా దొరికేవి. నిన్నటిదాకా సైనికుల్ని మోసిన విమానాలకు సీట్లు బిగించి ప్రయాణికుల్ని ఎక్కించేవారు. 1953లో మరో ఏడు సంస్థలతోపాటు దక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఎనిమిది ‘వద్దు’ల తర్వాత ఒక ‘రండి’

1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు తీసుకున్న ప్రేమ్ మాథుర్‌ను, ఆడవాళ్లు నడిపితే ప్రయాణికులు ఎక్కరంటూ ఎనిమిది సంస్థలు వెనక్కి పంపాయి. తొమ్మిదోది దక్కన్ ఎయిర్‌వేస్. అది కో-పైలట్‌గా తీసుకుంది. అలా దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్‌కు ఉద్యోగమిచ్చిన ఊరు హైదరాబాద్ అయింది. 1949లో ఆమె జాతీయ ఎయిర్ రేస్ గెలిచారు. అయినా దక్కన్‌లో ఉన్నన్నాళ్లూ ఆమెకు కెప్టెన్ సీటు మాత్రం ఇవ్వలేదు.

గూఢచారి కెమెరా, దొంగ సరుకు

ఆస్ట్రేలియా పైలట్ సిడ్నీ కాటన్ 1939లో వ్యాపారి వేషంలో జర్మనీ మీదుగా ఎగురుతూ, విమానం అడుగున దాచిన కెమెరాలతో రహస్యంగా ఫొటోలు తీశాడు. బ్రిటన్ వైమానిక నిఘాకు పునాది వేసినవాళ్లలో అతనొకడు. అదే కాటన్ 1948లో మన కథలోకి వచ్చాడు. నిజాం కోసం లాంకాస్ట్రియన్ విమానాల్లో ఆయుధాలు నింపుకుని కరాచీ నుంచి రాత్రిపూట బీదర్, వరంగల్, హైదరాబాద్‌లలో దించేవాడు. హైదరాబాద్ మీద భారత సైన్యం సెప్టెంబరు 13న మొదలుపెట్టిన పోలీస్ చర్య అయిదు రోజుల్లో ముగిసింది, ఆ రాకపోకలూ ఆగాయి. తర్వాత బ్రిటన్‌లో అతనికి పడిన జరిమానా? 200 పౌండ్లు!

బీదర్ గూటి పక్షులు

కాటన్ సరుకు దించిన ఆ బీదర్‌లోనే 1996లో భారత వైమానిక దళం ‘సూర్యకిరణ్’ జట్టు పుట్టింది. మొదట కిరణ్ జెట్లు, ఇప్పుడు హాక్‌లు. తొమ్మిది విమానాలు ఒకే దారానికి కట్టినట్టు కదులుతాయి. 2024 డిసెంబరు 8న హుస్సేన్‌సాగర్ మీద ఈ జట్టు చేసిన విన్యాసాల్ని జనం ట్యాంక్‌బండ్ మీద కిక్కిరిసి నిలబడి చూశారు.

ఆ రోజు ఫొటోలు చూడలేం

బేగంపేట జాతరకు మరచిపోలేని గాయమూ ఉంది. 2010 మార్చి 3, ప్రదర్శన తొలి రోజు. నౌకాదళ విన్యాసాల జట్టు ‘సాగర్ పవన్’లో ఒక కిరణ్ విమానం బోయినపల్లిలో ఇళ్ల మధ్య కూలింది. అందులోని పైలట్లిద్దరూ చనిపోయారు. ఆ తర్వాత ఆ జట్టు మళ్లీ ఎగరలేదు.

విమానం లేని ఎయిర్‌పోర్టు ఫొటోలు

సైబరాబాద్ మొదటి తరం సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు అమెరికా వెళ్లింది బేగంపేట నుంచే. వాళ్ల ఆల్బం తెరిస్తే మెడలో దండలు, చుట్టూ పాతికమంది బంధువులు, వెనకాల అద్దె సుమో కనిపిస్తాయి. విమానం మాత్రం ఉండదు. వీడ్కోలు చెప్పడానికి వచ్చినవాళ్లు లోపలికి వెళ్లలేరన్నది ఒక కారణం. 1937 నాటి విమానయాన నిబంధనల్లో 13వది రెండో కారణం. అనుమతి లేకుండా ప్రభుత్వ విమానాశ్రయంలోగానీ, ఎగిరే విమానంలోంచిగానీ ఫొటో తీయకూడదని అది చెప్పేది. 2004లో ప్రయాణికులకు సడలింపు వచ్చింది. దుండిగల్, హకీంపేట లాంటి సైనిక స్థావరాల దగ్గర మాత్రం ఇప్పటికీ కెమెరా తీయకపోవడమే మంచిది.

మూటాముల్లెతో పాటు పేరూ వెళ్లింది

టికెట్ మీద ‘హెచ్‌వైడీ’ అంటే హైదరాబాద్. ఒకప్పుడు అది బేగంపేట కోడు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక ఆ మూడక్షరాలు కూడా అక్కడికే వెళ్లాయి. బేగంపేటకు ‘బీపీఎం’ మిగిలింది. పాత బ్యాగేజీ ట్యాగ్ దొరికితే పారేయకండి. దాని మీది ‘హెచ్‌వైడీ’ అర్థం వేరు!

కల వచ్చి వెళ్లింది

2016 మే 13న శంషాబాద్‌లో దిగిన ఆంటొనొవ్ ‘మ్రియా’ మన దేశానికి రావడం అదే మొదటిసారి. ఆరు ఇంజిన్లు, 32 చక్రాలు, 84 మీటర్ల పొడవు. సోవియట్ స్పేస్ షటిల్ ‘బురాన్’ను వీపున మోయడానికి చేసిన ఈ విమానం లోకం మొత్తానికీ ఒక్కటే. ఉక్రెయిన్ భాషలో మ్రియా అంటే కల. ఆ రోజు అది ప్రాగ్ నుంచి ఆస్ట్రేలియాకు భారీ జనరేటర్‌ను మోసుకెళ్తూ దారిలో ఇక్కడ ఆగింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం ఆ విమానాన్ని బుగ్గి చేసింది. నాడు ‘ఇంకోసారి వస్తుందిలే’ అనుకోకుండా క్లిక్ చేసినవాళ్లే అదృష్టవంతులు. తిమింగలం తలలాంటి ఎయిర్‌బస్ ‘బెలూగా’ కూడా అదే 2022 డిసెంబరులో శంషాబాద్‌లో ఆగింది.

రెక్కలు మడిచే విమానం

2024 జనవరి విమానాల జాతర ‘వింగ్స్ ఇండియా’లో బేగంపేటకు బోయింగ్ 777-9 వచ్చింది. రెక్కల మధ్య వెడల్పు దాదాపు 72 మీటర్లు. మామూలు పార్కింగ్ గేటులో పట్టదు. అందుకే నేల మీదికొచ్చాక రెక్కల చివర్లు పైకి మడుస్తుంది. సిటీ బస్సులో గొడుగు మూసినట్టన్నమాట.

తోక ఆదిభట్లది

లాక్‌హీడ్ సి-130జె సూపర్ హెర్క్యులస్ విమానాల తోక భాగాలు తయారయ్యేది రంగారెడ్డి జిల్లా ఆదిభట్లలో. అపాచీ హెలికాప్టర్ల బాడీలు కూడా అక్కడివే. మాదాపూర్‌లోని సైయంట్ సంస్థ ఇంజినీర్లు 2000 నుంచి ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్లకు పనిచేస్తున్నారు. అంటే ఎక్కడో ఎయిర్‌షోలో తీసిన ఫొటోలో పక్క క్యూబికిల్ మనిషి పనితనం కూడా ఉండొచ్చు.

అండర్‌పాస్‌లో అవస్థ

2022 నవంబరులో బాపట్ల జిల్లా మేదరమెట్ల దగ్గర ఒక విమానం ఇరుక్కుపోయింది. ఆకాశంలో కాదు, అండర్‌పాస్ కింద! రెస్టారెంట్‌గా మార్చాలని పాత విమానం బాడీని ట్రైలర్ మీద కొచ్చి నుంచి హైదరాబాద్‌కు తెస్తుంటే జరిగిందిది. బతికినన్నాళ్లూ మేఘాలు దాటిన విమానానికి ఓ సిమెంటు కప్పు అడ్డమొచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల జనానికి ఆ రోజు టికెట్ లేని ఎయిర్‌షో.

డాబా మీద రాడార్

విమానాలు తామెక్కడున్నదీ 1090 మెగాహెర్ట్జ్‌లో ఎప్పటికప్పుడు చెబుతూనే ఉంటాయి. కొండాపూర్ అపార్టుమెంటు డాబా మీద చిన్న యాంటెన్నా, పెన్‌డ్రైవ్ అంత రిసీవర్ పెట్టుకుంటే ఆ మాటలు కంప్యూటర్‌లో కనిపిస్తాయి. 2006లో ఇద్దరు స్వీడన్ ఔత్సాహికులు సరదాగా మొదలుపెట్టిన ఫ్లైట్‌రాడార్24 నడిచేది ప్రపంచమంతటా ఇలాంటి డాబాల పుణ్యానే.

తోక కత్తిరించకండి

మన విమానాల నంబర్లు ‘వీటీ’తో మొదలవుతాయి. వైస్రాయ్ టెరిటరీకి పొట్టిపేరని చాలామంది చెప్పుకుంటారు. అర్థం ఏదైనా, ఆ తర్వాతి మూడక్షరాలు మాత్రం ముఖ్యం. విమానం ఎప్పుడు తయారైంది, ఎవరెవరి చేతులు మారింది, ఎక్కడ తుక్కయింది అన్న కూపీ అంతా వాటితోనే లాగుతారు. లండన్‌లోని హైదరాబాద్ నంబర్ 12ఏ మూడు దేశాలు తిరిగినా మనది అని చెప్పగలుగుతున్నది ఎఫ్1010 అన్న నంబరు ఉండబట్టే. తాతగారి బేగంపేట ఫొటో స్కాన్ చేసేటప్పుడు మొహాలు పెద్దగా రావాలని అంచులు కత్తిరిస్తుంటాం. మూలన మసగ్గా విమానం తోక ఉందేమో, ముందు చూసుకోండి.